బటన్ వదలని చెయ్యి

కొండ మీద రాళ్ల క్వారీ, కొండ కింద క్రషర్. రెంటికీ నడుమ ఒకటే దారి, ఆ దారికి ఒక్క లారీ పట్టేంత వెడల్పు. ఒకపక్క నిలువు కొండ, రెండోపక్క చూడకపోతేనే మంచిదనిపించే లోయ. ఎదురెదురుగా రెండు బండ్లు వస్తే అంతే సంగతులు. అందుకని మలుపు మలుపు దగ్గరా కొండను కాస్త తొలిచి, ఖాళీ బండి పక్కకు తప్పుకునే జాగా చేశారు. సెల్‌ఫోన్లు అక్కడ పలకవు కాబట్టి ప్రతి లారీలోనూ డాష్‌బోర్డు కింద ఒక రేడియో సెట్టు బిగించి, మెలికల వైరుతో ఒక మైకు వేలాడదీశారు.

ఆ దారికి మర్యాద ఒకటుంది. లోడుతో దిగే బండి ప్రతి మలుపు దగ్గరా మలుపు పేరు చెప్పాలి. ఎక్కే బండి పక్కకు ఆగి, విన్నదాన్ని మళ్లీ నోటితో చెప్పాలి. "లోడు బండి, గుడ్డిమలుపు" అని పైవాడంటే, "గుడ్డిమలుపు విన్నాను, నీళ్లమలుపులో ఆగాను" అని కిందివాడనాలి. ఊఁ కొడితే చాలదు. ఊఁ కొట్టడానికి ఇదేమన్నా బామ్మ చెప్పే కథా?

మైకుకూ ఒక మర్యాద ఉంది. బటన్ నొక్కితే మన మాట పోతుంది, వదిలితే అవతలి మాట వస్తుంది. నొక్కి పట్టుకున్నంతసేపూ ఆ బండి చెవిటి బండే, నెత్తిన పిడుగు గురించి చెప్పినా వినపడదు. వదిలినప్పుడు అవతలివాళ్ల స్పీకర్లో సన్నగా 'టిక్' మంటుంది. ఆ టిక్ విన్నాకే రెండోవాడు నోరు తెరవాలి. ఇద్దరూ ఒకేసారి నొక్కితే ఒకరి మాట ఒకరికి చేరదు. వినే మూడోవాడికి ఎవరు దగ్గరుంటే వాళ్ల గొంతే వినపడుతుంది. సంసారాల్లో కూడా ఇంతే కదా అని డ్రైవర్లు నవ్వుకునేవాళ్లు.

కింద క్రషర్ పక్కన రేకుల గదిలో పెద్ద సెట్టు ముందు కూర్చునే మనిషిని అందరూ రేడియో అక్క అనేవాళ్లు. ఆమె భర్తా, ఆమె సొంత అన్నా ఇద్దరూ ఆ దారిలోనే డ్రైవర్లు. భర్తను కంచు అనేవాళ్లు, గొంతు అలాంటిది. ఆయన 'పెద్దబండ' అని మలుపు పేరు చెబితే సెట్టు ఆపేసినా వినపడుతుందని జోకు. అన్నను ఆమె అన్నయ్యా అని పిలిచేది. వినీ వినీ దారి మొత్తం ఆయనను అన్నయ్యే అంది. మనమూ అలాగే అందాం.

కంచుకు ఒక దురలవాటు ఉండేది. మాట అయ్యాక బటన్ వదిలేవాడు కాదు. ఇంకో మాట గుర్తొస్తుందేమోనని నొక్కి పట్టుకునే ఆలోచించేవాడు. అతను ఆలోచిస్తున్నంతసేపూ దారిలో ఎవరూ మాట్లాడటానికి లేదు, ఇంజను చప్పుడు వింటూ కూర్చోవాల్సిందే. "బటన్ వదలండి, అవతలివాళ్లకీ నోరుంది" అని అక్క రోజూ తిట్టేది. ఇంట్లోనూ అదే మాట అనేది.

బావలిద్దరూ ఒకప్పుడు పాలూ నీళ్లలా ఉండేవాళ్లు. కంచు మాట్లాడేవాడు, అన్నయ్య నవ్వేవాడు, పని సరిగ్గా పంచుకున్నారు. తర్వాత అన్నయ్య భార్య పోయింది. పిల్లలు లేరు. ఆయన మానకుండా పనికి వచ్చాడు, బండి మునుపటికంటే జాగ్రత్తగా నడిపాడు, ఎవరితోనూ ఆమె మాట ఎత్తలేదు. గట్టివాడని అందరూ అనుకున్నారు. మనవాళ్లకు ఎదుటివాడు ఏడవకపోతే గట్టివాడని సర్టిఫికెట్ ఇచ్చేయడం తేలిక.

ఒకరోజు లోడుతో దిగుతుండగా ఆయన మైకు కొక్కెం నుంచి జారి, సీటుకూ గేరుకూ మధ్య పడింది. మీద నీళ్ల సీసా ఒరిగి బటన్ నొక్కుకుపోయింది. ఆయనకు తెలియదు. దారిలో ఉన్న ప్రతి లారీలోనూ, కింద రేకుల గదిలోనూ ఆయన గొంతు వినపడసాగింది. ఆయన పోయిన భార్యతో మాట్లాడుతున్నాడు.

పొద్దున పాలు మళ్లీ పొంగించేశానని చెబుతున్నాడు. పొయ్యి అంతా మాడు వాసన అని, నువ్వుంటే తిట్టేదానివి కదా అని, తిట్టవే ఒక్కసారి అని. మలుపు వచ్చినప్పుడల్లా అలవాటుగా మలుపు పేరు చెప్పి, మళ్లీ ఆమెతో మాట్లాడాడు. ఆయనకు చెప్పేదెలా? నొక్కుకుపోయిన సెట్టుకు చెవులుండవు. పక్క జాగాల్లో ఆగిన డ్రైవర్లు స్టీరింగ్ మీద తల ఆన్చి విన్నారు. ఒకళ్లిద్దరు సెట్టు చప్పుడు తగ్గించారు గానీ పూర్తిగా ఆపలేకపోయారు.

ఆయన కిందికి దిగేసరికి టీ బడ్డీ దగ్గర అంతా బిగుసుకుపోయి ఉన్నారు. ఎవరూ ఆయన ముఖం చూడలేకపోతున్నారు. ఆ బరువు కంచు మోయలేకపోయాడు. బరువు చూస్తే జోకు వేసి దించుకోవడం తప్ప వేరే విద్య రాదు అతనికి. "పాలు పొంగించావట కదా బావా, ఇటు రా, నేను తిడతాను" అన్నాడు, ఆ కంచు గొంతుతో, క్రషర్ దాకా వినపడేలా. బిగబట్టుకున్న అందరికీ ఒక్కసారిగా నవ్వొచ్చేసింది. ఊపిరి తీసుకోవడానికి నవ్వారు తప్ప వెక్కిరించడానికి కాదు. కానీ నవ్వే కదా అది.

అన్నయ్య ముఖంలో ముందు అర్థం కాకపోవడం, తర్వాత అర్థమవడం అందరూ చూశారు. ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టి, బండి దగ్గరికి వెళ్లి, సీటు కింద నుంచి మైకు తీసి కొక్కేనికి తగిలించాడు. ఆ రోజు నుంచి కంచుతో మాట్లాడలేదు. రేడియోలో అసలు ఎవరితోనూ మాట్లాడలేదు. ఎవరైనా మలుపు పేరు చెబితే బటన్ రెండుసార్లు నొక్కి వదిలేవాడు. టక్, టక్. విన్నాను అని దానర్థం. తన మలుపులకూ అంతే. మేనేజరు మొదట్లో ఎగిరాడు, నోటితో చెప్పకపోతే బండి దిగిపొమ్మన్నాడు. అంత నికరంగా బండి నడిపేవాడు మళ్లీ దొరకడని తెలిసి ఊరుకున్నాడు. ఎదురొచ్చేది అన్నయ్య అయితే టక్ టక్ చాలునని దారి అలవాటు పడింది.

అలా ఏళ్లు గడిచాయి. ఏళ్లు గడవడానికి పెద్ద శ్రమ అక్కర్లేదు, ఇవాళ వద్దులే రేపు చూద్దాం అంటే చాలు.

ఈ మధ్యలో నలిగింది అక్క. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు. తెగిన చుట్టరికం అతకడానికి ఆమె అంతకంటే ఎక్కువే ఆడింది. అన్నయ్య మీ దగ్గు ఎలా ఉందని అడిగాడండీ అని భర్తతో చెప్పేది. ఆయన నీ బండి బ్రేకుల సంగతి కనుక్కోమన్నారు అన్నయ్యా అని అక్కడ చెప్పేది. ఇద్దరికీ అవి ఆమె వంటింట్లో తయారైన మాటలని తెలుసు. అయినా ఇద్దరూ వినేవాళ్లు.

దగ్గు మాత్రం నిజమే. కంచు గొంతు బొంగురుపోయి, నెలలు గడిచినా తేరుకోలేదు. డ్రైవర్లు 'కంచుకు చిల్లు పడింది' అని ఆటపట్టించారు. చివరికి పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ గొంతులోకి గొట్టం పెట్టి చూసి, లోపల పుండు ముదిరిందని, గొంతుపెట్టె మొత్తం తీసేయాలని చెప్పింది. ప్రాణానికి భయం లేదు, మాట మాత్రం ఉండదు అంది. "పోనీలెండి, మా ఆవిడ చెవులు బాగుపడతాయి" అన్నాడు కంచు. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని చాలాసేపు లేవలేదు.

అతని దిగులంతా ఒక్కటే. ఉన్న గొంతుతో బావకు తప్పయిందని చెప్పాలి, పోయేలోగా ఆయన నోట ఒక మాట వినాలి. ఇంటికి వెళ్లి చెబుదామని ఒకసారి వెళ్లాడు కూడా. వాకిట్లో మొక్కలకు నీళ్లు పోస్తున్న అన్నయ్య అతన్ని చూసి చెంబు కింద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. కాగితం మీద రాసి ఇవ్వొచ్చు కదా అంది అక్క. నలుగురిలో నోటితో అన్న మాట నలుగురిలో నోటితోనే వెనక్కి తీసుకోవాలి అన్నాడు కంచు. మొండివాడే గానీ ఆ మాటలో న్యాయం ఉంది.

ఆపరేషన్ ముందురోజు ఆఖరి లోడు ఒకటి దింపి వస్తానని పనికి వెళ్లాడు. భోజనాలయ్యాక మిగతా బండ్లన్నీ పైన క్వారీలో లోడింగుకు వరుస కట్టాయి. కంచు బండి నిండి, దిగడానికి సిద్ధంగా మొదటి మలుపు పెద్దబండ దగ్గర నిలబడింది. అన్నయ్య బండి కింద క్రషర్ దగ్గర రాయి దింపుతోంది. దారంతా ఖాళీ. కంచు మైకు తీసుకున్నాడు.

"బావా, ఇది డ్యూటీ మాట కాదు. ఆ రోజు పాల మాట అన్నది నేను. నవ్వించాలని అన్నాను. నవ్వింది వాళ్లు, ఏడ్చింది నువ్వు. నలుగురిలో అన్నాను కాబట్టి నలుగురూ వినేలా చెబుతున్నా, తప్పు నాది. రేపట్నుంచి ఈ గొంతు ఉండదు. ఒక్క మాట అను బావా. తిట్టినా సరే."

మాట అయిపోయింది. బటన్ మాత్రం వదల్లేదు. ఆ చెయ్యి ఎప్పుడు వదిలింది గనక! ఇంకా ఏదో చెప్పాలని ఉంది, అది నోటికి రావడం లేదు, కళ్లు మసకబారాయి. పిడికిలి ఆ మైకును అలాగే పట్టుకుంది.

కింద అన్నయ్య టిక్ కోసం ఆగలేదు. క్రషర్ హోరులో స్పీకర్లోని సన్నటి చప్పుళ్లు తెలియవు, పైగా ఏళ్ల తరబడి మాట్లాడని మనిషికి ఎక్కడ ఆగాలో అలవాటు తప్పింది. మైకు లాక్కుని నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"బావా, ఆమె పోయాక రోజూ నేను చెవి ఒగ్గి విన్న గొంతు నీదొక్కటే. నేను టక్ టక్ కొట్టి, నువ్వింకేమన్నా అంటావేమోనని వినేవాణ్ణి. తిట్టడం కాదు. ఇవాళ కిందికి దిగేదాకా మాట్లాడుతూ దిగు. ఏదైనా సరే మాట్లాడు. నేను వింటాను."

పైన వరుసలో ఉన్న బండ్లకు దగ్గర్లో నొక్కి ఉన్న కంచు సెట్టే వినపడింది, అంటే ఉత్త ఇంజను చప్పుడు. కంచుకు అదీ వినపడలేదు. అన్నయ్య బండి రేకుల గదికి దగ్గర కాబట్టి ఆ మాటలు ఈ లోకంలో ఒక్క అక్కకే వినపడ్డాయి, పక్కన నిలబడి చెప్పినంత స్పష్టంగా. అన్నయ్య గొంతు ఆగగానే స్పీకర్లో కంచు ఇంజను హోరు మొదలైంది. ఏం జరిగిందో ఆమెకు అప్పుడే అర్థమైంది. భర్త బటన్ వదలగానే చెప్పాలి. కానీ రేడియోలో అన్నయ్య గొంతు విని ఎన్నేళ్లయిందో ఆమెకూ. కొంగు నోట్లో కుక్కుకుని వెక్కివెక్కి ఏడ్చింది. టిక్ మన్నాక కూడా కాసేపు ఆ ఏడుపు ఆగలేదు, మైకు అందుకోలేకపోయింది.

ఆ కాసేపట్లో పైన బటన్ వదిలిన కంచు విన్నాడు. ఎంతో ఆశగా విన్నాడు. ఏమీ రాలేదు. ఇంత చెప్పినా నోరు విప్పని మనిషికి ఇంకేం చెప్పాలి? రోషం పొడుచుకొచ్చింది. నీ భాష నాకూ వచ్చు అనుకున్నాడు. బండి కదిలించి, 'పెద్దబండ' అనాల్సిన చోట బటన్ రెండుసార్లు నొక్కాడు. టక్, టక్.

కింద అన్నయ్య స్పీకర్‌కు చెవి ఆనించి ఆ చప్పుడు విన్నాడు. మాట్లాడమని అడిగినదానికి అదే జవాబనుకున్నాడు. వెంటనే సెట్టు మీట తిప్పి ఆపేశాడు. లోడు దింపడం అయిపోయింది, బండి ఆపి తాళం ఆఫీసులో ఇచ్చి ఇంటికి వెళ్లిపోయాడు.

అక్క ముందు అన్నయ్యను పిలిచింది. ఆగిపోయిన సెట్టు ఏం పలుకుతుంది? భర్తను పిలిచింది. అన్నయ్య మాట్లాడాడండీ, మీరు బటన్ వదల్లేదు, మాట్లాడుతూ దిగమన్నాడు అని అరిచింది. పైనుంచి దగ్గు వినపడింది, తర్వాత బొంగురుగా ఒకే మాట.

"నీ వెయ్యి అబద్ధాలకు ఇదొకటి కలుపుకో."

పాముపడగ మలుపు దగ్గర టక్ టక్. గుడ్డిమలుపు దగ్గర టక్ టక్. లోడు బండి దారిలో ఉండగా రేడియో గది వదిలి కదలకూడదని రూలు. గుమ్మం లోంచి అన్నయ్య ఆఫీసు వైపు నడవడం, గేటు దాటడం ఆమెకు కనిపిస్తూనే ఉంది. గట్టిగా పిలిచింది, క్రషర్ మింగేసింది. ఆ చేతిలో మైకూ, ఈ కంట్లో అన్నయ్యా. లేచి పరుగెత్తి ఉంటే అందేవాడు. కానీ ఆ కొండ మీద భర్త బ్రేకు మీద కాలేసి దిగుతున్నాడు. ఆమె కూర్చుంది. కంచు గొంతు ఆ దారిలో ఆఖరిసారి దిగాల్సిన రోజున దారంతా టక్ టక్ తోనే దిగింది.

సాయంత్రం ఆమె అన్నయ్య ఇంటికి వెళ్లింది. ఆయనకు నువ్వు చెప్పింది వినపడలేదు అని బతిమాలింది. "చెప్పాను, జవాబొచ్చింది. నువ్వు మధ్యలో ఏదో ఒకటి అల్లకమ్మా" అన్నాడాయన. ఇంటికొచ్చి భర్తకు మళ్లీ చెప్పింది, అన్నయ్య అన్న ప్రతి మాటా అప్పగించింది. అతను గోడవైపు తిరిగి పడుకుని, చాలా బాగా అల్లావు, ఈసారి నమ్మబుద్ధి కూడా అయింది అన్నాడు. నిజం ఒకటి చేతికి దొరికిన రోజున దాన్ని కొనేవాడు లేడు. ఆమెకు ఇద్దరి మీదా కోపం వచ్చింది, అంతకంటే ఎక్కువ తన మీద వచ్చింది. మర్నాడు పొద్దున కంచును చక్రాల మంచం మీద లోపలికి తీసుకెళ్లారు.

అన్నయ్య ఆసుపత్రికి వచ్చాడు. కట్లు పలచబడ్డాక వచ్చాడు, రాకుండా ఉండలేక వచ్చాడు. మెడలో చిన్న రంధ్రం, దానిమీద పలచటి గుడ్డ, ఊపిరి అక్కడి నుంచే ఆడుతోంది. అన్నయ్య స్టూలు మీద కూర్చుని నేలచూపులు చూశాడు. తర్వాత, మందలిస్తున్నట్టూ కాదు, బతిమాలుతున్నట్టూ కాదు, అడిగాడు.

"మాట్లాడుతూ దిగమన్నాను కదా బావా. ఎందుకు టక్ టక్ కొట్టావు?"

కంచు భార్య వైపు చూశాడు. ఆమె గుమ్మం దగ్గర నిలబడి ఉంది, అనాల్సినదంతా ఆ రోజే అనేసింది. అది అబద్ధం కాదని కంచుకు అప్పుడు తెలిసింది. నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి, మెడ దగ్గర గుడ్డ ఎగిసిపడింది, గాలి తప్ప ఇంకేమీ రాలేదు. వినపడలేదు బావా అని చెప్పాలనుకున్నాడు. ఎంత చిన్న మాట. అన్నయ్యకు ఆ గాలి చూశాక అర్థమైంది. చెల్లెలి వైపు తిరిగి, "నిజంగానే వినపడలేదా అమ్మా?" అన్నాడు. ఆమె తల ఊపింది. ఆయన రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. కంచు చెయ్యి చాచి, మంచం ఇనుప కమ్మీ మీద వేలితో రెండుసార్లు కొట్టాడు.

ఇప్పుడు కంచు బండి నడపడు. మేనేజరు అతన్ని రేకుల గదిలో భార్య పక్కన కూర్చోబెట్టాడు. రాకపోకలు చూసుకుంటాడు, కాగితం మీద చీటీలు రాసి జోకులు కూడా వేస్తాడు. రాసిన జోకు చల్లారిన టీ లాంటిది, అయినా అక్క నవ్వుతుంది. ఆమె ఇప్పుడు ఎవరి మాటలూ అల్లి ఎవరికీ చేరవేయదు.

అన్నయ్య మాత్రం మాట్లాడుతున్నాడు. పెద్దబండ నుంచి కింది దాకా మాట్లాడుతూనే దిగుతాడు. నీళ్లమలుపులో ఊట ఎక్కువైందని, బ్రేకు కాస్త మెత్తబడిందని, ఇవాళ పాలు పొంగకుండా దింపానని. మిగతా డ్రైవర్లు పక్క జాగాల్లో ఆగి వింటారు, ఎవరూ నవ్వరు. ప్రతి మాట తర్వాత బటన్ వదిలి ఆగుతాడు. ఆగాల్సినదానికంటే కొంచెం ఎక్కువే ఆగుతాడు, అవతలి నుంచి ఇంకేదో రావచ్చన్నట్టు. గదిలో అక్క మైకును భర్త వైపు జరుపుతుంది. కంచు బటన్ రెండుసార్లు నొక్కి వదులుతాడు. ఇప్పుడు వెంటనే వదులుతాడు.

విన్నదాన్ని తిరిగి చెప్పాలని కదా ఆ దారి మర్యాద. అన్నయ్య గొంతు సవరించుకుంటాడు.

"టక్ టక్ విన్నాను బావా. దిగుతున్నాను."